పర్వత శ్రేణుల్లో రాళ్లను మార్చిన వేడి గ్రానైట్‌దేనా?

శిలాప్రియ:
భూవిజ్ఞాని జార్జ్ బారో 1893లో స్కాట్లండ్ హైలాండ్స్‌లో స్టారొలైట్, కయనైట్, సిలిమనైట్ ఖనిజాలు వరుసగా పట్టీల్లా కనిపించడం గుర్తించారు. రాళ్లలో వీటిని పుట్టించిన వేడి అక్కడ చొచ్చుకొచ్చిన గ్రానైట్‌దేనని ఆయన అభిప్రాయం. తర్వాతివాళ్లు ఒప్పుకోలేదు. భూఫలకాలు ఢీకొని భూపటలం మందమైందని, లోతుకు వెళ్లిన రాళ్లు అలా వేడెక్కాయని అన్నారు. ఇప్పుడు కొందరు మళ్లీ మాగ్మా, అంటే గడ్డకట్టి గ్రానైట్ లాంటి రాళ్లయ్యే కరిగిన శిల, వైపే మొగ్గుతున్నారు. మనం ప్రాంతీయ రూపాంతరం (విశాల ప్రాంతంలో రాళ్లు వేడికి, ఒత్తిడికి మారడం) అని చదువుకున్నది పక్కపక్కనే జరిగిన స్పర్శ రూపాంతరాల (మాగ్మా తగిలిన చోట చుట్టూ రాళ్లు మారడం) మొత్తమేనా?

లోతువేడి:
కానే కాదు. 800 డిగ్రీల గ్రానైట్ 300 డిగ్రీల రాతిలోకి వస్తే, సరిహద్దు దగ్గర వేడి దాదాపు సగానికి, అంటే 550 డిగ్రీల చుట్టుపక్కల ఆగుతుంది. గడ్డకట్టేటప్పుడు విడుదలయ్యే వేడి ఇంకొంచెం కలుపుతుంది, అంతే. స్కాట్లండ్‌లోనే బల్లాహులిష్ గ్రానైట్ చూడండి. దాని చుట్టూ కార్డియరైట్, ఆండలుసైట్ ఖనిజాలున్న హార్న్‌ఫెల్స్ (మాగ్మా వేడికి గట్టిపడిన రాయి) వలయం రెండు కిలోమీటర్ల లోపే. అక్కడి ఒత్తిడి 3 కిలోబార్లు, అంటే సుమారు 10 కిలోమీటర్ల లోతు. 600 డిగ్రీల దగ్గర కయనైట్ నిలవాలంటే 20 కిలోమీటర్ల లోతు కావాలి. గ్రానైట్ వేడి ఇవ్వగలదు గానీ ఆ బరువు ఎక్కడినుంచి తెస్తుంది?

మాగ్మావాది:
లోతువేడి గారూ, ఒత్తిడి లోతువల్లేనని నేనూ ఒప్పుకుంటాను. పేచీ వేడి గురించి, అదీ టైమ్ దగ్గర. రాతిలో వేడి కిలోమీటరు పాకాలంటే సుమారు 30 వేల ఏళ్లు. దూరం పదింతలైతే కాలం వందింతలు. 35 కిలోమీటర్ల భూపటలం తనంతట తాను వేడెక్కాలంటే దాదాపు 4 కోట్ల ఏళ్లు కావాలి. హైలాండ్స్‌లో మొత్తం వ్యవహారం అంతకంటే చాలా త్వరగా ముగిసింది. పైగా అదే హైలాండ్స్‌లోని అబర్డీన్ ప్రాంతపు గాబ్రోల (మాగ్మా లోతులో గడ్డకట్టిన నల్లటి రాళ్లు) వయసు సుమారు 47 కోట్ల ఏళ్లు, అక్కడి రూపాంతరానిదీ అంతే. బల్లాహులిష్ అంతకు 4 కోట్ల ఏళ్ల తర్వాతిది, అప్పటికే మారిన రాళ్లలోకి వచ్చింది. ఈ వాదనకు ఆ ఉదాహరణ సరిపోదు.

లోతువేడి:
గాబ్రోల దగ్గర మీ మాట నిజమే. అక్కడ ఒత్తిడి తక్కువ, తక్కువ ఒత్తిడిలో నిలిచే ఆండలుసైట్ ఉంది, వయసూ కలిసింది. దాన్నే ప్రతి పర్వత శ్రేణికీ అంటగట్టడం నాకు మింగుడుపడదు. హిమాలయాల తెల్ల గ్రానైట్లు ఎక్కువగా 2.4 నుంచి 1.5 కోట్ల ఏళ్ల కిందటివి. అక్కడి రూపాంతర శిలలే లోతులో కరిగి అవి పుట్టాయి. వాటివల్లే ఆ శిలలు మారాయనడం కూతుర్ని చూపించి తల్లికి తల్లి అన్నట్టుంటుంది.

థిన్ సెక్షన్ (మైక్రోస్కోపులో చూడటానికి పలచగా కోసిన రాతి ముక్క) కూడా ఇదే చెబుతుంది. ఆండలుసైట్ స్ఫటికం లోపల చిక్కుకున్న నల్లటి గ్రాఫైట్ చుక్కల వరుసలు బయటి మైకా పొరలతో తిన్నగా కలిసిపోతే, నలుగుడు ఆగాక వేడి తగిలిందని అర్థం. గార్నెట్ లోపల ఆ వరుసలు సుడి తిరిగి, బయట మైకా దాన్ని చుట్టుకుని వంగితే, రాయి నలుగుతుండగానే గార్నెట్ పెరిగింది. బారో పట్టీల్లో ఇలాంటివి బోలెడు.

మాగ్మావాది:
రాయి నలుగుతున్నప్పుడు మాగ్మా రాకూడదని ఏముంది? పలచటి పొరలుగా మళ్లీ మళ్లీ చొచ్చుకొస్తే ఆ సుడులు నా వాదనలోనూ ఇముడుతాయి.

శిలాప్రియ:
అయితే తేల్చాల్సింది వయసులే. గార్నెట్ మధ్యభాగానికీ అంచుకీ సమారియం-నియోడిమియం పద్ధతిలో విడివిడిగా వయసు కట్టాలి. పక్కనున్న గ్రానైట్‌లోని జిర్కాన్ స్ఫటికాలకు యురేనియం-సీసంతో కట్టాలి. గార్నెట్ కోటి ఏళ్లపాటు నింపాదిగా పెరిగి ఉంటే, మాగ్మావాది గారు అంత కాలమూ ఆగకుండా వస్తూనే ఉన్న మాగ్మాను అక్కడే చూపించాలి. పెరుగుదల కొద్ది లక్షల ఏళ్లలో ముగిసి ఉంటే, అంత త్వరగా వేడి ఎలా చేరిందో లోతువేడి గారు చెప్పాలి.