గది కంటే సీపీయూ చల్లగా ఉందట, నమ్మాలా?

వేళచ్చేరి_వాసి:
గోడ మీద థర్మామీటర్ 34 చూపిస్తోంది. ఏసీ లేదు, ఇంటి ఓనరు పెట్టనివ్వడు, అది వేరే గొడవ. పాత కోర్ 2 డ్యుయో ఈ8400 ప్రాసెసర్‌లో వేడి చూపించే కోర్ టెంప్ సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే ఒక కోర్ 29, రెండోది 41. ఉన్నది మామూలు ఫ్యాన్ కూలరే. 34 డిగ్రీల గాలి తగిలి 29కి ఎలా దిగుతుంది?

రిచీస్ట్రీట్_బాబాయ్:
దిగదు. ఇంటెల్ చిప్‌లో సెన్సరు డిగ్రీలు చెప్పదు బాబూ, టీజేమ్యాక్స్ అనే గరిష్ఠ హద్దుకి ఇంకా ఎన్ని డిగ్రీలు ఉందో చెప్తుంది. నీ చిప్ 71 అని చెప్తే, సాఫ్ట్‌వేర్ 100లోంచి తీసేసి 29 అని వేస్తుంది. చిప్ వేడెక్కిపోకుండా కాపాడటానికి పెట్టిన సెన్సరు అది, అందుకే హద్దు దగ్గరే లెక్క సరిగ్గా ఉంటుంది. విజయవాడ నుంచి రైల్లో వచ్చేవాణ్ణి చెన్నై దగ్గర గుమ్మిడిపూండిలో అడిగితే చెన్నై సెంట్రల్ ఎంత దూరమో కరెక్టుగా చెప్తాడు, ఒంగోలులో అడిగితే ఉజ్జాయింపే.
పైగా కోర్ 2 రోజుల్లో ఆ హద్దు ఎంతో తెలియక సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తలా ఒక అంకె వేసుకున్నారు. డెస్క్‌టాప్ చిప్‌ల అంకెలు ఇంటెల్ బయటపెట్టింది 2008లో. కోర్ ఐ7 నుంచి ఆ అంకె చిప్‌లోనే చదువుకోవచ్చు. ఇక ఆ 41 కదులుతోందా?

వేళచ్చేరి_వాసి:
పది నిమిషాలుగా 41 దగ్గరే ఉంది.

రిచీస్ట్రీట్_బాబాయ్:
అయితే సెన్సరు ఇరుక్కుంది. నీదిలాంటి 45 నానోమీటర్ల చిప్‌లలో మామూలే. లోడ్ పెట్టి చూడు.

అంబత్తూరు_రాత్రిషిఫ్ట్:
నా బాధ దీనికి రివర్స్. 2017లో ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 1800ఎక్స్ కొన్నా. ఖాళీగా ఉన్నా 60 దాటేది. రెండుసార్లు చిప్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు మార్చా, మూడోసారి కూలరే మార్చా. తర్వాత తెలిసింది, ఆ మోడల్‌లో ఫ్యాన్ల వేగం లెక్క కోసం ఏఎండీయే అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చూపిస్తుందట. టీసీటీఎల్ అంటే ఆ కలిపినది, టీడై అంటే అసలుది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాక రెండూ విడివిడిగా కనిపించాయి. కూలర్ డబ్బులు మాత్రం వెనక్కి రాలేదు.

పెంగ్విన్_పెరుంగుడి:
లినక్స్‌లో వేడి రాసి ఉండే టెంప్1_ఇన్‌పుట్ ఫైల్‌లో 52000 అని ఉంటే భయపడకండి, వెయ్యితో భాగించాలి, అంటే 52 డిగ్రీలే. ఇంకోటి, మదర్‌బోర్డ్ చిప్ చూపించే లైన్లలో 127 కనిపిస్తే చాలాసార్లు అక్కడ సెన్సరే తగిలించి ఉండదు. మా తమ్ముడు అది చూసి ప్లగ్గు పీకేశాడు, నా కంపైల్ సగంలో పోయింది.

వేళచ్చేరి_వాసి:
లోడ్ కోసం సీపీయూని పూర్తిగా పనిచేయించే ప్రైమ్95 వేశా. 41 కాసేపు అలాగే నిలబడి ఒక్కసారిగా కదిలింది. పావుగంటకి రెండు కోర్లూ 76, 78.

రిచీస్ట్రీట్_బాబాయ్:
ఇప్పుడు చెప్పేది నమ్ము. హద్దుకి ఇంకా ఇరవై పైనే ఉంది, టెన్షన్ వద్దు. కూలర్ దుమ్ము దులిపి ఎన్నాళ్లయింది?

వేళచ్చేరి_వాసి:
దులపాలా?