డేటాబేస్ దొరక్కపోతే ఎర్రర్ పేజీకి రీడైరెక్ట్ చేయాల్నా, వద్దా?

అమీర్‌పేట అభ్యాసి:
ఒక కోచింగ్ సెంటర్‌కి పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషల సైట్ చేసిన. నిన్న హాల్ టికెట్లు పెట్టంగనే పోరగాళ్లంత ఒక్కపారి ఎగబడ్డరు. "టూ మెనీ కనెక్షన్స్" అని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ చేతులెత్తేసింది. కనెక్షన్ లేకపోతే ఎర్రర్ పేజీకి రీడైరెక్ట్ అయ్యేటట్టు, అంటే బ్రౌజర్ ఆ అడ్రస్‌కి పోయేటట్టు, ఇఫ్ పెట్టి రాసిన. ఆ పేజీ రాకపోగా క్రోమ్‌ల "టూ మెనీ రీడైరెక్ట్స్" అని వచ్చింది. మా సార్ రీడైరెక్టే కరెక్ట్ అంటడు, పక్క సీటు అన్న వద్దే వద్దంటడు. పరేషాన్‌ల ఉన్న.

పాత కాపు:
ఎర్రర్ పేజీ పైన కూడా అదే హెడర్ ఫైలు ఇన్‌క్లూడ్ చేసుంటావు, అందులోనే కనెక్షన్ లైను ఉండుంటుంది. అదీ వెళ్లి డేటాబేస్ తలుపు తడుతుంది, తీయరు, మళ్లీ తన దగ్గరికే తను పంపుకుంటుంది. ఆ పేజీ ఉత్త హెచ్‌టీఎంఎల్ అయి ఉండాలి తమ్ముడూ.

ఇక రీడైరెక్ట్ అంటావా, నేనైతే వద్దంటాను. రీడైరెక్ట్ చేసే లొకేషన్ హెడర్ ఇస్తే పీహెచ్‌పీ మామూలుగా బ్రౌజర్‌కి 302 అనే స్టేటస్ కోడ్ పంపుతుంది. "అడిగింది ప్రస్తుతానికి ఫలానా చోట ఉంది" అని దానర్థం. హాల్ టికెట్ అక్కడుందా? లేదు! పైగా ఎర్రర్ పేజీ 200తో, అంటే "అంతా బాగుంది" అనే కోడ్‌తో వస్తే గూగుల్‌కి అంతా సలక్షణంగా ఉన్నట్టే. అదే అడ్రస్‌లో "ప్రస్తుతానికి సేవ అందదు" అనే 503 ఇవ్వు, 120 సెకన్లు ఆగి రమ్మని రిట్రై-ఆఫ్టర్ 120 పెట్టు.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్:
అన్నా, క్లయింట్‌కి 302, 503 అని చెప్తే వింటడా? ఆయనకు మంచిగ కనపడే పేజీ కావాలె. వేరే సర్వర్ల పెట్టి అటు పంపితే మన సర్వర్ మీద లోడ్ గూడ తగ్గుతది.

పాత కాపు:
503తో కూడా ఎంత ముస్తాబు చేసిన పేజీనైనా పంపొచ్చు. లోడ్ సంగతికొస్తే, రిక్వెస్ట్ ముందు నీ సర్వర్‌కే వచ్చి, స్క్రిప్ట్ నడిచి, కనెక్షన్ ఫెయిలయ్యాక కదా అటు వెళ్లేది? ఇంకోటి, ఎర్రర్ పేజీ అడ్రస్‌కి చేరిన పిల్లాడు డేటాబేస్ లేచాక కూడా రీఫ్రెష్ కొడుతూ అక్కడే ఉంటాడు.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్:
రీఫ్రెష్ ముచ్చట ఒప్పుకుంట. కానీ ఫారం సేవ్ అయినంక రీడైరెక్ట్ చేయాల్సిందే కద? లేకుంటే రీఫ్రెష్ కొట్టినప్పుడల్లా ఫీజు రెండోసారి పడుతది.

దిల్‌సుఖ్‌నగర్ టీచరమ్మ:
అది పని అయ్యాక చేసే రీడైరెక్ట్, దాంతో ఎవరికీ గొడవ లేదు. పని కానప్పుడు చేస్తేనే తంటా. ఫారం కొట్టాక 302 వస్తే బ్రౌజర్ దాన్ని గెట్‌గా, అంటే ఉత్తగా పేజీ అడిగే రిక్వెస్ట్‌గా మార్చేస్తుంది, నింపినదంతా గంగలో కలుస్తుంది.

బాబూ, నీ ఇఫ్ పనిచేసిందంటే సర్వర్‌లో పాత పీహెచ్‌పీ ఉన్నట్టుంది. పీహెచ్‌పీ 8.1 నుంచి, డేటాబేస్‌తో కలిపే మైఎస్‌క్యూఎల్‌ఐ కనెక్షన్ కుదరకపోతే మామూలుగానే ఎక్సెప్షన్ (కోడ్‌ని అక్కడే ఆపే ఎర్రర్) విసురుతుంది, ఆ ఇఫ్ దాకా రానే రాదు. ఆ ఎక్సెప్షన్‌ని పట్టుకునే ట్రై-క్యాచ్‌లో కనెక్షన్ లైను పెట్టు. ఎర్రర్ మెసేజ్ లాగ్‌లోకి పోవాలి, తెర మీదకి కాదు. "యాక్సెస్ డినైడ్" అన్న లైనులో డేటాబేస్ యూజర్ పేరు కూడా ఉంటుంది. లొకేషన్ హెడర్ తర్వాత స్క్రిప్ట్‌ని ఆపే ఎగ్జిట్ రాశావా? మా బ్యాచ్‌లో సగం మంది రాయరు. రాయకపోతే కింది కోడ్ నడుస్తూనే ఉంటుంది.

అమీర్‌పేట అభ్యాసి:
ఎగ్జిట్ రాయలే మేడం 🙏 ఇప్పుడు రాసిన. 503 పెట్టిన, డేటాబేస్ ఆపి చూసిన, మంచిగనే వస్తుంది. సార్ చూసి "మన లోగో ఏది?" అన్నడు. లోగో పాత్ అదే డేటాబేస్‌లోని సెట్టింగ్స్ టేబుల్‌ల ఉంది.