సమస్యాపూరణం: పందినిఁ గని భీతిఁ బఱచెఁ బట్టపుటేన్గే

సంచాలకుడు:

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య కందంలో నాలుగో పాదం.

*పందినిఁ గని భీతిఁ బఱచెఁ బట్టపుటేన్గే*

ప్రాస ‘ంద’. ఒక్కటే షరతు. కలలో జరిగిందనో, నాటకంలో వేషగాళ్లనో చెప్పి దాటేయకండి. ఏనుగు యుద్ధంలో ఉన్నదే కావాలి. పూరణతో పాటు సందర్భం రెండు మాటల్లో చెబితే సంతోషం.

కందప్రియ:

సంచాలకుల వారికి వందనం. నా పూరణ:

మందంబుగఁ గీలుఁ బులిమి
యందున నగ్గిడి వదలిరి యందఱుఁ గూడన్
క్రందుగ నఱచుచు నుఱికెడు
పందినిఁ గని భీతిఁ బఱచెఁ బట్టపుటేన్గే

సందర్భం: క్రీ.పూ. 3వ శతాబ్దం. మాసిడోనియా రాజు అంటిగోనస్ గొనాటస్ గ్రీసులోని మెగరా పట్టణాన్ని ముట్టడించాడు. అతని దగ్గర ఏనుగులున్నాయి. మెగరా వాళ్లు పందులకు కీలు (తారు) పూసి, నిప్పంటించి, ఏనుగుల మీదికి తోలారు. మంటలకు పందులు పెట్టిన కేకలకు ఏనుగులు చెదిరి తలో దిక్కుకూ పరుగెత్తాయి. గ్రీకులో రాసిన ప్రాచీన రచయితలు ఏలియన్, పాలియేనస్ ఇద్దరూ ఈ కథ రాశారు.

సంచాలకుడు:

కందప్రియ గారూ, సమస్య ఇస్తున్నప్పుడు నా మనసులో ఉన్నది ఈ మెగరా ఘట్టమే. మూడో పాదం చాలా బాగుంది. ‘క్రందుగ’ అన్న మాటలో ఆ గందరగోళమంతా వినబడుతోంది. కానీ రెండో పాదం చివర ‘అందఱుఁ గూడన్’ యతి కోసం వచ్చి కూర్చుంది. ఎవరు వదిలారో పద్యంలో లేదు. కింద వచనం చదవకపోతే ఇది ఏ ఊళ్లోనైనా జరిగినట్టే ఉంటుంది. పద్యం తన కాళ్ల మీద తాను నిలబడాలి కదా. ఇలా మారిస్తే ఎలా ఉంటుందో చూడండి:

యందున నగ్గిడి వదలిరి యల మెగరీయుల్

యతి చెడలేదు, ఊరి పేరు పద్యంలోకి వచ్చింది.

కందప్రియ:

ధన్యవాదాలండీ. ‘అల మెగరీయుల్’ అనగానే నాకు ఆ కోటగోడ కళ్లకు కట్టింది. అలాగే మార్చుకుంటాను.

పద్యాల తోట:

నేను పురాణం వైపు వెళ్లాను. షరతుకు కొంచెం దూరమే, మన్నించాలి.

మందరము వోలె నెదిగిన
యందపుఁ గోఱను ధరణిని నమరించిన యా
సుందర హరిరూపమ్మగు
పందినిఁ గని భీతిఁ బఱచెఁ బట్టపుటేన్గే

హిరణ్యాక్షుడి సైన్యంలోని ఏనుగు ఆదివరాహమూర్తిని చూసి బెదిరినట్టు ఊహ.

సంచాలకుడు:

తోట గారూ, నడక హాయిగా ఉంది. ‘యందపు’కు ‘అమరించిన’ స్వరయతి చక్కగా కుదిరింది. రెండు మాటలు చెప్పాలి. ‘అందపు’ అన్నాక మళ్లీ ‘సుందర’ అనవసరం. రెండోది, ఏనుగు హిరణ్యాక్షుడిదని పద్యంలో ఎక్కడా లేదు. విష్ణువును చూసి పారిపోవడంలో వింత కూడా లేదు. ఎవరైనా పారిపోతారు! సమస్యలో బిగువంతా పంది మామూలు పందే కావడంలో ఉంది.

తుంగభద్ర:

నాకు సమస్యలోని ‘పట్టపుటేనుగు’ మీదే పేచీ ఉంది. పట్టపుటేనుగంటే రాజు ఎక్కేది, గజశాలకంతటికీ పెద్దది. మెగరాలో అంటిగోనస్ ఏనుగెక్కి వచ్చాడని ఆ రచయితలు చెప్పలేదు. నిజమైన పట్టపుటేనుగును చూడాలంటే క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డుకు పోవాలి. పురుషోత్తముడు (గ్రీకుల పోరస్) సుమారు 200 ఏనుగులను కాల్బలం ముందు నిలిపి, తానూ ఏనుగు మీద నుంచే అలెగ్జాండరుతో పోరాడాడు. మావటులు బాణాలకు కూలారు. దిక్కు తోచని ఏనుగులు ఇరుకున పడి తన పర అని చూడకుండా తొక్కేశాయి. అయితే రాజునెక్కించుకున్న ఏనుగు మాత్రం రాజు ఒరిగిపోతున్నాడని గ్రహించి మెల్లగా మోకాళ్ల మీద కూర్చుందట. అతని ఒంట్లో దిగిన ఈటెలను తొండంతో ఒక్కొక్కటే తీసిందని గ్రీకు రచయిత ప్లూటార్కు రాశాడు. అలాంటి జంతువు పందిని చూసి పారిపోయిందంటే నాకు మనసొప్పదు.

సంచాలకుడు:

తుంగభద్ర గారూ, మీ అభ్యంతరాన్ని గౌరవిస్తున్నాను. ఆ ఈటెల ఘట్టం ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది. కానీ పారిపోవడాన్ని పిరికితనంగా చూడకండి. ఏనుగు భయపడేది పంది ఆకారానికి కాదు, దాని కీచు అరుపుకు. రోమన్ రచయిత ప్లీనీ కూడా ఇదే అంటాడు. సైన్యంలో డప్పులకూ, శంఖాలకూ, బాణాలకూ దాన్ని అలవాటు చేస్తారు. కాలుతున్న పంది కేకను అది ఎన్నడూ విని ఉండదు.

మా చిన్నప్పుడు ఊరి తిరునాళ్లకు ఏనుగు వచ్చేది. బాజాభజంత్రీలు చెవుల దగ్గరే మోగినా కదిలేది కాదు. ఒకరోజు వెనక నుంచి ఎవరో రేకుడబ్బా జారవిడిచారు. ఆ చప్పుడుకు చెవులు రెండూ విప్పి, తోక నిక్కబొడిచి, గిర్రున తిరిగింది. మావటి దాని చెవి వెనక చెయ్యి వేసి ఏదో గొణుగుతూ చాలాసేపు నిమిరాడు. ‘పట్టపుటేన్గే’ అని దీర్ఘం పెట్టింది అందుకే. ఎంత శిక్షణ ఉన్నా, ఎంత గౌరవం ఉన్నా దానిదీ ప్రాణమే.

పాలపిట్ట:

సంచాలకుల మాట చదివాక రాసిన పూరణ ఇది.

వందల శరముల కోర్చియు
ముందడుగే వేసినదియు మొఱవెట్టక తా
నెందును విననటు లఱచెడు
పందినిఁ గని భీతిఁ బఱచెఁ బట్టపుటేన్గే

సంచాలకుడు:

పాలపిట్ట గారూ, ఈ వారానికి ఇదే నా మనసు దోచిన పూరణ. మొదటి రెండు పాదాల్లో ఏనుగు ధైర్యం, మూడో పాదంలో భయానికి కారణం. సమస్య విడిపోయిందని తెలియకుండానే విడిపోయింది. ‘మొఱవెట్టక’ అని ఏనుగు గురించి చెప్పి, వెంటనే పంది చేత ‘అఱచెడు’ అనిపించారు చూడండి, పద్యం అక్కడే పండింది.

తుంగభద్ర:

పాలపిట్ట గారి పద్యానికి ఒప్పుకుంటున్నాను. ఇది మా పురుషోత్తముడి ఏనుగు కూడా కావచ్చు.

మొదటి పద్యం:

అయ్యా, నేను కందం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే దిద్దండి.

అందఱుఁ జూడఁగ యుద్ధము
సందడిగా జరుగుచుండ రణరంగమునన్
సింధుర మొక్కటి బెదరుచు
పందినిఁ గని భీతిఁ బఱచెఁ బట్టపుటేన్గే

సంచాలకుడు:

నాయనా, గణాలన్నీ సరిపోయాయి. మొదటి ప్రయత్నంలోనే ఆరో గణంలో జగణం వేశావు, శభాష్! ఇక దిద్దాల్సినవి చెబుతాను. రెండో పాదంలో యతి లేదు. ‘స’కు ‘ర’ కుదరదు. మూడో పాదంలో ‘సింధుర’ అన్నావు, అది ‘ంధ’. మనకు కావాల్సింది ‘ంద’. పైగా సింధురమన్నా ఏనుగే కాబట్టి నాలుగో పాదంలోని ఏనుగు రెండోది అవుతుంది. ‘సందడి’ పెళ్లికీ పండక్కీ వాడే మాట, రణానికి నప్పదు. అన్నిటికంటే ముఖ్యం, ఏనుగు ఎందుకు బెదిరిందో ఒక్క కారణం చెప్పు. తుంగభద్ర గారు రాసిన జీలం యుద్ధం మళ్లీ చదువు, అక్కడ దొరుకుతుంది.

కందప్రియ:

కారణాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. బెదిరిన ఏనుగు సొంత సైన్యాన్నే తొక్కేస్తుంది కదా. క్రీ.పూ. 207లో ఇటలీలో, మెటారస్ నది దగ్గర, రోముతో పోరాడిన కార్తేజి సేనాని హస్‌డ్రూబల్ మావటులకు ఉలీ సుత్తీ ఇచ్చాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఏనుగు అదుపు తప్పితే మెడా తలా కలిసే చోట, రెండు చెవుల మధ్య ఉలి పెట్టి కొట్టాలి. ఆ రోజు శత్రువుల కంటే మావటులు చంపిన ఏనుగులే ఎక్కువట. పెంచిన చెయ్యే. దీని మీద పద్యం రాయాలని కూర్చుని రాయలేకపోయాను.

సంచాలకుడు:

రాయలేకపోవడం నాకు అర్థమవుతోంది. ఆంధ్రుల గురించి ప్లీనీ రాసిన చోట 30 కోట పట్టణాలు, 1,00,000 కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు అని ఉంటుంది. ఇన్నేళ్లూ గర్వంగా చదువుకున్నాను. మీ ఉలి మాట విన్నాక ఆ వెయ్యి ఏనుగులు వేరేగా కనిపిస్తున్నాయి.

మెగరా తర్వాత అంటిగోనస్ ఇకపై ఏనుగులను పందులతో కలిపి పెంచమని ఆజ్ఞ ఇచ్చాడట. గ్రీకులు మావటిని ‘ఇండోస్’, అంటే ఇండియా వాడు, అనే పిలిచేవారు. నా పూరణ ఆ ఆజ్ఞ మీద:

ఇందఱు మావటులుండియుఁ
బందులతోఁ బెంపరైరి పసితనమందున్
ముందెఱుఁగని యా యఱపుల
పందినిఁ గని భీతిఁ బఱచెఁ బట్టపుటేన్గే

మొదటి పద్యం:

అయ్యా, రాత్రంతా కూర్చుని మళ్లీ రాశాను.

అందఱు యోధులు రణమున
డెందములే యదరుచుండ ఢీకొను వేళన్
ముందుగ మావటి వడెనఁట
పందినిఁ గని భీతిఁ బఱచెఁ బట్టపుటేన్గే

సంచాలకుడు:

డె–ఢీ యతి కుదిరింది, ప్రాస కుదిరింది, మావటి పడ్డాకే ఏనుగు బెదిరింది. ఇక దిద్దడానికేమీ లేదు నాయనా. పూరణల జాబితాలో చేర్చుకుంటున్నాను.