కుండలో నీళ్లు గదికంటే చల్లగా ఎట్టా అవుతాయి? రెండో నియమం ఒప్పుకుంటుందా?

అందరికీ నమస్కారం అండి. మాది కనిగిరి. మా పాప ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, నిన్న థర్మోడైనమిక్స్ (వేడి, శక్తి గురించిన పాఠం) చదువుతా ఒక డౌట్ అడిగింది, రాత్రంతా దాని మీదే ఆలోచిస్తన్నా.

వేడి దానంతటది చల్లటి దాన్నుంచి వేడిదాంట్లోకి పోదు అని థర్మోడైనమిక్స్ రెండో నియమం అంటారు కదా, మరి రోహిణి కార్తెలో ఇంట్లో 40 డిగ్రీలున్నప్పుడు కుండలో నీళ్లు 29కి ఎట్టా దిగినయ్, థర్మామీటర్ పెట్టి మరీ చూశాం. నాకు తెలిసినంతవరకు చెప్పా, మట్టి సన్న రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరి ఆవిరవుద్ది, స్పీడుగా ఉన్న అణువులే ముందు ఎగిరిపోతాయి, గ్రాముకి దాదాపు 2400 జౌళ్ల వేడి తీసుకుపోద్ది అని. లెక్కేస్తే 100 గ్రాములు ఆవిరైతే 10 లీటర్లు 5 డిగ్రీల పైనే తగ్గాలి, బయటి వేడి లోపలికి రాకపోతే. ఇక్కడిదాకా బానే ఉంది.

కానీ ఫ్రిజ్‌కి కరెంటు కావాలి, కుండకి ఏం కావాలి నాన్నా అంది. పొడిగాలే ఆ కరెంటు పని చేస్తందా? నీళ్ల ఎంట్రోపీ (అణువులు, శక్తి ఎంత చెదిరిపోయి ఉన్నాయో చెప్పే కొలత) తగ్గినా ఆవిరి ఎంట్రోపీ అంతకంటే ఎక్కువ పెరుగుద్ది కాబట్టి నియమం తప్పలేదు అనుకోవచ్చా?

ఇంకోటి, కొత్తపట్నంలో మా అత్తగారింట్లో, సముద్రం పక్కనే, ఇట్టాంటి కుండే పెట్టినా అంత చల్లబడదు. గాలిలో తేమ నిండుగా ఉంటే ఆవిరవడం పూర్తిగా ఆగిపోద్దా, లేక పోయినన్ని అణువులు తిరిగొస్తాయా? ఫిజిక్స్ చెప్పే సార్లు, మేడమ్‌లు ఎవరన్నా ఉంటే ఫార్ములా ఒక్కటే కాకుండా కాస్త విడమర్చి చెప్పండి, పాపకి చదివి వినిపిస్తా.