క్లేని బెంచ్ మీద కూర్చోబెట్టడం న్యాయమేనా?

ఫ్రీమాంట్ ఫణి:
నిన్న, 2024 ఫిబ్రవరి 15న, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో యూటాతో మ్యాచ్‌కి మన గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటగాడు క్లే థాంప్సన్ మొదటి అయిదుగురిలో లేడు, బెంచ్ మీద నుంచి వచ్చాడు. 2012 మార్చి తర్వాత ఇదే మొదటిసారి. 35 పాయింట్లు కొట్టాడు, వారియర్స్ 140-137తో గెలిచింది, ఇక అందరూ కోచ్ స్టీవ్ కెర్ మేధావి అని మొదలెట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. 4 టైటిళ్ళు తెచ్చినవాణ్ణి తప్పించి, ఇది మొదటి సీజన్ అయిన కుర్రాడు పాడ్జెమ్‌స్కీని మొదటి అయిదుగురిలో పెడతారా? 27 గెలిచి 26 ఓడి వెస్ట్ విభాగంలో పదో స్థానంలో ఉన్నాం, నిజమే. అందుకు కారణం క్లే ఒక్కడేనా? మన డ్రేమండ్ గ్రీన్ ఒకసారి ఎదుటి ఆటగాడి మెడ పట్టుకుని, ఇంకోసారి ఇంకొకడి మొహం మీద కొట్టి సస్పెండయ్యాడు. విగ్గిన్స్ ఆట సీజన్ మొదట్లో అసలు కనబడలేదు. వాళ్ళిద్దరి స్టార్టింగ్ చోటూ భద్రంగానే ఉందిగా! వండినవాణ్ణే పంక్తిలో చివర కూర్చోబెట్టినట్టుంది.

కార్నర్ త్రీ:
ఫణి అన్నా, 28 నిమిషాలు ఆడి 22 షాట్లు వేసినవాణ్ణి తప్పించారంటే ఎవరు నమ్ముతారు? డిసెంబర్లో ఫీనిక్స్ మీద 10 షాట్లలో 2 పడ్డాయి, చివర్లో కూర్చోబెట్టారు. మొన్న 5న బ్రూక్లిన్‌లోనూ ఆఖరి నిమిషాల్లో తీసేశారు. స్టార్ట్ చేయించి చివర్లో అందరి ముందూ లాగేయడం కంటే ఇది మర్యాద కాదా?

ఆట పరంగానూ ఇదే లెక్క. మన పెద్ద స్టార్ స్టెఫ్ కర్రీ కూర్చున్నప్పుడు స్కోర్ చేసేవాడు లేడు, క్రిస్ పాల్ చేయి విరిగి బయట ఉన్నాడు. ఆ నిమిషాల్లో బంతి క్లే దగ్గరికే వస్తుంది, ఎదుటివాళ్ళ రెండో వరుస మీద ఆడతాడు. రెండు పెద్ద గాయాల తర్వాత బంతి నడిపే చురుకైన గార్డుల వెంట అతను తిరగలేకపోతున్నాడు. ఆ పని పాడ్జెమ్‌స్కీ చేస్తాడు.

గుంటూరు గార్డ్:
ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపేసి చూశాను. పైసా వసూల్.

ఫ్రీమాంట్ ఫణి:
మనం 137 ఇచ్చుకున్న మ్యాచ్ పట్టుకుని డిఫెన్స్ గురించి చెప్తున్నావా తమ్ముడూ?

2019 ఫైనల్స్ ఆరో గేమ్‌కి ఓరకిల్ అరీనాలో పై వరుసలో ఉన్నాను. క్లే డంక్‌కి ఎగిరి కింద పడ్డాడు, మోకాలు పోయింది. పట్టుకుని తీసుకెళ్తుంటే టన్నెల్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు, ఎందుకంటే ఆ ఫ్రీ త్రోలు తను వేయకపోతే మళ్ళీ ఆడనివ్వరు. కుంటుతూ వచ్చి రెండూ వేశాడు. లిగమెంట్ తెగిందని ఆ తర్వాత తెలిసింది. అలాంటివాడికి అయిదుగురిలో ఒక చోటు ఇవ్వలేరా?

సునీత మిల్పిటాస్:
ఫణిగారూ, ఈ టీమ్‌లో ఇది కొత్తేం కాదు. మన పాత ఆటగాడు ఇగ్వొడాలా అప్పటిదాకా కెరీర్‌లో 758 ఆటలాడి, అన్నీ స్టార్ట్ చేశాడు. 2014లో కెర్ వస్తూనే బెంచ్‌కి పంపాడు. ఆ సీజన్ చివర ఫైనల్స్ ఎంవీపీ, అంటే మేటి ఆటగాడు, ఎవరు? అతనే. ఇక అప్పటి మన డేవిడ్ లీ అంతకు ముందేడాదే, లీగ్‌లో మేటివాళ్ళు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్ ఆడినవాడు. అతని చోటులోకే డ్రేమండ్ వచ్చాడు. లీ కోసం అప్పుడు ఎవరు ఏడ్చారు?

ఫ్రీమాంట్ ఫణి:
లీకి తొడ కండరం పట్టేసింది సునీతగారూ. గాయం వేరు, బెంచ్ చేయడం వేరు. ఇంకో విషయం, అతను ఆల్‌స్టార్ ఆడింది 2013లో. ముందేడాది ఎలా అవుతుంది?

కార్నర్ త్రీ:
గాయం తగ్గాక చోటు తిరిగి ఇచ్చారా?

ఫ్రీమాంట్ ఫణి:
మొదలైంది గాయంతోనే కదా?

కార్నర్ త్రీ:
ముగిసింది దేనితో?

సునీత మిల్పిటాస్:
లీ తొడ వదిలేస్తారా ఇద్దరూ?

ఫ్రీమాంట్ ఫణి:
వదిలేస్తాను. కానీ ఈ "కొత్త రోల్" అనే మాట వింటే నాకెందుకు మండుతుందో చెప్తాను. మా ఆఫీసులో నేను మొదట్నుంచీ కట్టుకొచ్చిన సిస్టమ్‌ని నిరుడు ఒక కుర్రాడి చేతికిచ్చి, నన్ను "సలహాదారు" అన్నారు. పేరు గొప్పగా ఉంది, జీతం తగ్గలేదు. నెల తిరక్కుండా మీటింగులకి పిలవడం మానేశారు. నిమిషాలు తగ్గలేదుగా అని నాకు చెప్పకండి. మొదట అలాగే ఉంటుంది.

కార్నర్ త్రీ:
మీ మేనేజర్ చేసినదానికి కెర్‌ని తిడితే ఎలా అన్నా? నా గోడూ వినండి మరి. కాకినాడలో కాలేజీ టీమ్‌లో ఉన్నన్నాళ్ళూ నీళ్ళ సీసాలు మోశాను. సీనియర్లు ఇరవై తేడాతో ఓడిపోతున్నా దిగేవాళ్ళు కాదు. "వాళ్ళకిది ఆఖరి ఏడాదిరా" అనేవారు సార్. మాకూ ఆఖరి ఏడాది వచ్చింది, అప్పటికి టీమే లేదు.

జనవరి 4, డెన్వర్ మ్యాచ్. మన కుర్రాడు కుమింగా 19 నిమిషాల్లో 16 పాయింట్లు కొట్టాడు. చివరి 18 నిమిషాలు బెంచ్ మీదే. 18 పాయింట్ల ఆధిక్యం కరిగిపోయి, యోకిచ్ దూరం నుంచి బోర్డుకి కొట్టి డెన్వర్‌ని 130-127తో గెలిపించాడు. కోచ్ మీద ఆ పిల్లాడికి నమ్మకం పోయిందని వార్తలొచ్చాయి. అప్పుడు "న్యాయమేనా" అని ఒక్క థ్రెడ్ పెట్టారా మీరు?

ఫ్రీమాంట్ ఫణి:
ఏటేటా ఓడిపోయే రోజుల నుంచీ ఈ టీమ్‌ని చూస్తున్నాను. టైటిళ్ళు వచ్చాక చేరినవాళ్ళు నాకు పాఠాలు చెప్పక్కర్లేదు.

కార్నర్ త్రీ:
చూడ్డంలో కూడా సీనియారిటీ ఉందా? అందుకే మీకు క్లే నచ్చాడు.

మోడరేటర్:
వ్యక్తిగత మాటలు ఆపండి. ఇంకోసారైతే ఈ థ్రెడ్‌కి తాళం వేస్తాను.

ఫ్రీమాంట్ ఫణి:
సరే, సూటిగా అడుగుతాను. క్లే కాంట్రాక్టు ఈ వేసవితో అయిపోతుంది. ఆట కోసం బెంచ్ చేస్తే నోరు మూసుకుంటాను. కానీ రేపు బేరం దగ్గర "నువ్వు బెంచ్ ఆటగాడివి కదా" అంటారు. అప్పుడు తెగిన మోకాలితో వేసిన ఆ రెండు ఫ్రీ త్రోలకి విలువెంత?

కార్నర్ త్రీ:
విలువ అప్పుడే కట్టారు. ఆ మోకాలు తెగిన వేసవిలోనే 5 ఏళ్ళకి 190 మిలియన్ల డాలర్లు రాసిచ్చారు. తర్వాత మడమ నరం తెగి, వరసగా రెండు సీజన్లు ఒక్క ఆట కూడా ఆడకపోయినా ఇచ్చారు. తప్పు పట్టడం లేదు, ఇవ్వాల్సిందే. 2022లో టైటిల్ కూడా తెచ్చాడు. ఇక చెల్లు. వచ్చే నెల స్టెఫ్‌కి 36 వస్తాయి. ఇలా ఆడే ఏళ్ళు అతనికి ఇంకెన్ని మిగిలాయి? టీమ్ బాకీ పడింది వాటికి. క్లే మనసు నొచ్చుకోకుండా చూసుకుంటూ ఆ ఏళ్ళు పోగొట్టమంటారా?

సునీత మిల్పిటాస్:
ఇది ముందే చెప్పుంటే లీని లాక్కొచ్చేదాన్ని కాదు. నేను ఇద్దరితోనూ లేను. క్లేకి డబ్బివ్వండి, చోటు మాత్రం ఆడేవాడికివ్వండి.

ఫ్రీమాంట్ ఫణి:
స్టెఫ్‌కి వయసు మీదపడ్డాక అతని గురించీ ఇదే అంటావు.

కార్నర్ త్రీ:
అంటాను.

ఫ్రీమాంట్ ఫణి:
ఇదిగో, ఇక్కడే నీకూ నాకూ కుదరదు.

గుంటూరు గార్డ్:
22న లేకర్స్‌తో మ్యాచ్. మనకి ఇండియాలో 23 పొద్దున. పాడ్జెమ్‌స్కీనే స్టార్ట్ చేస్తాడని నా పందెం, ఎవరైనా ఉన్నారా?