ఏఏ మీటింగులో వేధించేవాణ్ని ఇక రావద్దని చెప్పొచ్చా?

కృష్ణలంక_అమ్మాయి:
తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులకు వెళ్లేవాళ్లని అడుగుతున్నా. మా గ్రూపులో చాలా ఏళ్లుగా తాగకుండా ఉన్న ఒక పెద్దమనిషి, కొత్తగా వచ్చే ఆడవాళ్లకు తానే స్పాన్సర్‌గా, అంటే తోడుండి దారి చూపే పాత సభ్యుడిగా, ఉంటానంటాడు. ఇక రాత్రిళ్లు ఫోన్లు, "నీ బాధ మీ ఆయనకి అర్థం కాదు, నాకే అర్థమవుతుంది" లాంటి మాటలు. ఇద్దరు రావడం మానేశారు, వాళ్లలో ఒకావిడ మళ్లీ తాగుతోంది. సెక్రటరీకి చెబితే ఇక్కడ ఎవరినీ పంపించే అధికారం ఎవరికీ లేదు, పేర్లు బయటికి తేకూడదు అన్నాడు. నా ఉద్దేశం మాత్రం పంపాల్సిందే అని.

పాతకాపు:
అమ్మా, మీ కోపం న్యాయమే. కానీ ఏఏ గ్రూపులు నడుచుకునే పన్నెండు సంప్రదాయాల్లో మూడోదాని ప్రకారం తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యుడే. 1935లో అక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ మొదలుపెట్టాక తొలి రోజుల్లో గ్రూపులు ఎవరిని రానివ్వాలో బోలెడు షరతులు పెట్టుకున్నాయి, అవన్నీ అమలు చేస్తే ఒక్కడూ మిగలడని తర్వాత తెలుసుకున్నాయి. గెంటేసిన తాగుబోతు చచ్చిపోవచ్చు. పైగా మనం కోర్టు కాదు, ఎవరిది నిజమో ఎలా తేలుస్తాం?

జెర్సీ_తెలుగోడు:
ఇక్కడ అమెరికాలో తాగి బండి నడిపి దొరికినవాళ్లని కొన్ని కోర్టులు ఈ మీటింగులకు పంపుతాయి, హాజరు కాగితం మీద సంతకం పెట్టించుకుని పోతారు. అంటే మానాలన్న కోరిక లేనివాళ్లూ పక్క కుర్చీలో ఉంటారు. తాగుడు మానడానికి ఏఏలో ఉన్నవి పన్నెండు మెట్లు కదా, మీరు చెప్పిన పాడుపనికి ఇక్కడ పదమూడో మెట్టు అని పేరే ఉంది. న్యూయార్క్‌లోని ఏఏ ఆఫీసు గ్రూపుల కోసం భద్రత కార్డు తయారుచేసింది గానీ, ఏ గ్రూపుకి ఆ గ్రూపే స్వతంత్రం కాబట్టి అందరూ వాడాలని లేదు.

కృష్ణలంక_అమ్మాయి:
పాతకాపు గారూ, అతన్ని సభ్యుడిగా ఉండొద్దని నేననలేదు, మా గదికి రావద్దంటున్నా, అంతే. గ్రూపు స్వతంత్రం అన్న నాలుగో సంప్రదాయమే మాకు ఆ హక్కు ఇస్తోంది, మొదటిదేమో అందరి క్షేమం ముందు అంటోంది. అతను వేరే మీటింగుకి పోవచ్చు, ఆన్‌లైన్‌లో కూర్చోవచ్చు. మళ్లీ తాగుతున్న ఆవిడ ఈ ఒక్క మీటింగుకి రావడానికే ఇంట్లో ఎన్ని అబద్ధాలు చెప్పి వచ్చిందో మీరు ఆలోచించారా? తాగే ఆడదని చుట్టాల్లో తెలిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? చెప్పేస్తానని అతను బెదిరించక్కర్లేదు, చెప్పగలడని ఆవిడకి తెలిస్తే చాలు, నోరు మూసుకుంటుంది.

అయిదో మెట్టులో మనం చేసిన తప్పులన్నీ ఇంకో మనిషి ముందు చెప్పుకోవాలి. మామూలుగా అది స్పాన్సర్ దగ్గరే. కౌన్సెలర్ ఇలా చేస్తే ఉద్యోగం పోతుంది, డాక్టరైతే మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. స్పాన్సర్‌కి చదువూ లైసెన్సూ అక్కర్లేదు, అడిగే పైవాడూ లేడు. తాగాలనిపిస్తే అర్ధరాత్రయినా ఫోన్ చేయమని మనమే చెబుతాం కాబట్టి అతని ఫోన్లు కూడా సేవ లాగే కనిపిస్తాయి. ఇన్ని రహస్యాలు చేతికిచ్చే చోట కాపలా లేకపోవడం ఎలా ఒప్పుకుంటాం?

పేరు దాచడం అనేది మనం తాగుబోతులమని బయట తెలియకుండా ఉండడానికి. లోపల చేసిన వెధవపని దాచడానికి కాదు. ఒళ్లు ముట్టుకున్నా బెదిరించినా పోలీసుల 112కో ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కో ఫోన్ చేస్తే ఏ సంప్రదాయానికీ భంగం రాదు. నిజం తేల్చడం పోలీసుల పని. మన పని తలుపు దగ్గరే, ఇద్దరు వేర్వేరుగా ఒకే మాట చెప్పాక కూడా ఇంకా ఏం కావాలి?

ఆడవాళ్లకి ఆడవాళ్లే స్పాన్సర్‌గా ఉండాలని, కొత్తవాళ్ల నంబర్లు మగవాళ్లకి ఇవ్వకూడదని వచ్చే గ్రూపు సమావేశంలో పెడుతున్నా. మొదటి రోజే చదివి వినిపించే కాగితం తెలుగులో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి.

పాతకాపు:
స్పాన్సర్ల సంగతి, నంబర్ల సంగతి ఒప్పుకుంటున్నా, అవి ఎప్పుడో చేయాల్సినవి. పంపేయడం మాత్రం నాకింకా మనసొప్పడం లేదమ్మా. ముందు అతన్ని ఇద్దరు పెద్దవాళ్లు కూర్చోబెట్టి గట్టిగా చెప్పారా?

కృష్ణలంక_అమ్మాయి:
చెప్పారండీ. ఆ తర్వాతే రెండో ఆవిడ మానేసింది.