సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం లేకపోతే పదో తరగతి పరీక్షకు స్క్రైబ్ (బదులు రాసిపెట్టే మనిషి) రాదా?

మాది ప్రొద్దుటూరు. మా పాప తొమ్మిది చదువుతోంది. కుడిచేతి వేళ్లు బిగుసుకుపోతాయి. నోటితో అడిగితే గడగడా చెప్తుంది, రాయమంటే అరగంటకు ఒక పేజీ. పెన్నుకు సైకిల్ హ్యాండిల్ గ్రిప్ తొడిగాం, కొంచెం నయం. నోట్సు పూర్తి చేయలేదని క్లాసులో నిలబెడితే పోయిన వారం ఆ పెన్నూ విసిరేసింది.

సదరం సర్టిఫికెట్‌లో 30 శాతమే వేశారు. "40 లేదు కదమ్మా, స్క్రైబూ రాదు, టైమూ రాదు" అని బడిలో తేల్చేశారు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో విద్యార్థులకు అదనపు సమయం, స్క్రైబ్ రెండూ ఉన్నాయి. రాయడం కష్టమైతే 40 శాతం లేకున్నా స్క్రైబ్ ఇవ్వాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అది యూపీఎస్సీ అభ్యర్థి కేసు, నిజమే. 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు 20 నిమిషాలు అదనం అనీ ఉంది. ఇవన్నీ చూపిస్తే "మాకు ఆర్డరు రాలేదు" అంటారు.

కడప, అనంతపురం వైపు ఎవరైనా 40 లోపు సర్టిఫికెట్‌తో పదో తరగతి పరీక్షకు స్క్రైబ్ తెచ్చుకున్నారా? అర్జీ బడి నుంచే పోవాలా, నేరుగా డీఈఓ ఆఫీసులో ఇవ్వొచ్చా? రాయడం కష్టమని డాక్టర్ల దగ్గర వేరే కాగితం ఎట్ల తీసుకున్నారు? నోట్సు సంగతి టీచర్లకు ఎట్ల చెప్పారో కూడా రాయండి.